పొట్లపు తిండియు, పిల్లల యుబ్బసమును
(వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



ప్రతి సంవత్సరమును ఈ వేదికమీద పెద్దలు విద్యనుగూర్చియు, ఉద్యోగములనుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు ప్రసంగించుచున్నారు. అవి యన్నియు మన యభివృద్ధికి ముఖ్యములే. కాని చదువవలసిన బిడ్డ రాత్రులయందు ఊపిరి యాడక మంచముమీద కూర్చుండి తెల్లవార్చుచున్నయెడల ఆ చదువు సాగు టెట్లు? ఉబ్బసము, విడువని పడిశము, దద్దురులు, ఒడలి దురద మొదలగునవి నేడు మన యిండ్లలో వినని మాటలు కావు. బిడ్డల యారోగ్యమునుగూర్చి మాటలాడుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరగా, ఈ వ్యాధులకును, బిడ్డలు నిత్యము తినుచున్న పొట్లపు తిండికిని గల సంబంధమును విచారింపదలచితిమి.

మేము చెప్పదలచిన దొక్కటి. పొట్లపు తిండియే ఉబ్బసమునకు కారణమని శాస్త్రము నేటివఱకు ఋజువు చేయలేదు. ఐనను ఆ తిండి యెక్కువగ తిను బిడ్డలలో ఆ వ్యాధి యెక్కువగ కానవచ్చుచున్నదని పలుదేశముల పరిశోధనలు చెప్పుచున్నవి. దానిని మానినందువలన బిడ్డకు కలుగు నష్టము మాత్రము ఏమియు లేదు. ఇట్టి స్థితిలో పూర్తి ఋజువు వచ్చువఱకు వేచియుండుట వివేకము కాదు. మానుటకు వలయు సాధనములు మన వంటయిండ్లలోను, మన సంఘముయొక్క చేతులలోను ఉన్నవి.

ఈ తిండి యేది?

పొట్లములో నున్నదెల్ల చెడ్డది కాదు. బియ్యము, కందిపప్పు, పాలు సయితము నేడు పొట్లములలోనే వచ్చుచున్నవి. మేము చెప్పుచున్నది వేఱొక జాతి తిండి.

బ్రెజిల్ దేశమున సావో పాలో విశ్వవిద్యాలయమునందలి కార్లోస్ మొంటెయిరో అను వైద్యుడు తన దేశపు కుటుంబములు కొను సరకుల లెక్కలను పరిశీలించుచు ఒక వింతను కనుగొనెను. ఇండ్లలో నూనెయు చక్కెరయు కొనుట తగ్గుచుండెను. స్థూలకాయము మాత్రము పెరుగుచుండెను. కారణ మేమనగా, ఆ నూనెయు ఆ చక్కెరయు ఇంటికి సీసాలలోను సంచులలోను వచ్చుట మాని, తయారైన తిండిలో దాగి వచ్చుచుండెను. దానిపై నాతడు 2009వ సంవత్సరమున ఆహారములను కేవలము పోషకములనుబట్టి గాక, అవి తయారైన విధమునుబట్టి విభజింపవలెనని ప్రతిపాదించెను. ఆ విభజనకు నోవా యని పేరు.

అందు నాలుగు తరగతులు కలవు. మొదటిది ప్రకృతి యిచ్చినది, లేక దంచి, ఎండబెట్టి, కాచి సిద్ధపఱచినది: బియ్యము, జొన్నలు, పప్పులు, కూరగాయలు, పండ్లు, పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు. రెండవది వంటకు తోడుపడునవి: నూనె, నెయ్యి, ఉప్పు, చక్కెర, బెల్లము. మూడవది ఈ రెంటిని కలిపి నిలువచేసినవి: ఊరగాయల వంటివి. నాలుగవది కర్మాగారమున ధాన్యమును, నూనెను, చక్కెరను విడగొట్టి, వానికి రంగులు, వాసనలు, చిక్కదనము నిచ్చునవి, నీటిని నూనెను కలిపి యుంచునవి చేర్చి మరల ఒక రూపమున పోతపోసిన తిండి. దీనినే వైద్యులు అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారమని పిలుచుచున్నారు. బిస్కట్లు, చిప్సులు, వేడినీటిలో వేయగానే సిద్ధమగు నూడుల్సు, సీసాలలోని రంగునీళ్లు, చాక్లెట్లు, పాలలో కలుపు తీపిపొడులు, అంగడి సాసులు సామాన్యముగ ఈ తరగతిలోనివి.

దీనిని గుర్తించుటకు గొప్ప చదువు అక్కఱలేదు. పొట్లము వెనుక వ్రాసిన వస్తువుల పట్టికను చదువుడు. మన వంటయింటి యలమారులో ఎన్నడును ఉండని పదార్థముల పేర్లు అందు కనబడెనా, అది నాలుగవ తరగతిలోనిదని తలంపవచ్చును. మన జంతికలు, చేగోడీలు, అరిసెలు నాలుగవ తరగతిలోనివి కావు. ఐనను నూనెయు తీపియు గల వగుటచే అవి పండుగ వంటలే గాని ప్రతిదిన భోజనములు కావు.

లోకమున జరిగిన పరిశోధనలు

పిల్లల యుబ్బసమునుగూర్చియు, అలర్జీలనుగూర్చియు ఐసాక్ అను పేర అనేక దేశముల వైద్యులు కలిసి ఒక గొప్ప పరిశోధన జరిపిరి. అందలి యాహారవిషయకమైన ఫలితములు 2013వ సంవత్సరమున ప్రకటింపబడినవి. 51 దేశములనుండి 13, 14 సంవత్సరముల వయస్సుగల 3,19,000 మందికి పైగా బాలబాలికలను, 31 దేశములనుండి 6, 7 సంవత్సరముల వయస్సుగల 1,81,000 మందికి పైగా శిశువులను వారు విచారించిరి. వారమునకు మూడు పర్యాయములు గాని అంతకెక్కువగ గాని ఫాస్ట్‌ఫుడ్ అను అంగడి తిండి తిను పెద్దపిల్లలలో తీవ్రమైన యుబ్బసము కలుగు సంభవము 39 శాతము హెచ్చుగను, చిన్నపిల్లలలో 27 శాతము హెచ్చుగను కనబడెను. వారమునకు మూడు పర్యాయములైనను పండ్లు తిను పిల్లలలో ఆ సంభవము పెద్దవారియందు 11 శాతము, చిన్నవారియందు 14 శాతము తక్కువగ నుండెను.

పండ్లనుగూర్చిన యీ రెండవ మాటను మీరు జ్ఞాపకమునందుంచుకొనవలెనని కోరుచున్నాము. దానితో మాకు ముందు పని యున్నది.

తరువాత బ్రెజిల్ దేశమున పాఠశాలల బాలబాలికలను లక్షకు పైగా విచారించినప్పుడును, స్పెయిన్ దేశమున చిన్నబిడ్డలను విచారించినప్పుడును కర్మాగారపు తిండి హెచ్చిన కొలది పిల్లికూతలు, ఉబ్బసము హెచ్చుగ నుండుట కానవచ్చెను. కాని సత్యము పూర్తిగ చెప్పవలెను. ఆ బ్రెజిల్ దేశముననే పెలోతాస్ నగరమున 2004వ సంవత్సరమున జన్మించిన శిశువులను ఏండ్ల తరబడి కనిపెట్టి చూచినప్పుడు, ఆఱవయేట తినిన యీ తిండికిని, పదునొకండవయేటి యుబ్బసమునకును సంబంధము కనబడలేదు. ఒక కాలమున తిండినీ వ్యాధినీ కలిపి యడుగుటవలన రెండును జంటగ నున్నవని తెలియును గాని, ఒకటి రెండవదానిని పుట్టించెనని తెలియదు. పొట్లపు తిండి తిను పిల్లలు ఆటలాడుట తక్కువ కావచ్చును. వారి యిండ్లు రద్దీ వీధులలో నుండవచ్చును. కావుననే మేము ఋజువు కాలేదని మొదట చెప్పితిమి.

హాని యెట్లు కలుగవచ్చును?

మొదటిది, ఈ తిండి తన చోటును తాను ఆక్రమించుటతో నూరకుండదు, వేఱొకదానిని గెంటివేయును. బిడ్డ కడుపు చిన్నది. సాయంకాలము బిస్కట్లతో నిండిన కడుపు రాత్రి ఆకుకూర పప్పును కోరదు. ఆకుకూరలు, పప్పులు, పండ్లలోని పీచుపదార్థము మన ప్రేగులయందలి సూక్ష్మజీవులకు ఆహారము. ఆ జీవులు పీచును పులియజేసి కొన్ని ఆమ్లములను పుట్టించును. అవి శరీరముయొక్క రక్షణశక్తి యనవసరముగ రేగకుండ శాంతింపజేయును. స్విట్జర్లాండునందలి లోజాన్ నగర శాస్త్రజ్ఞులు 2014వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనలో పీచు తక్కువగ తినిన చుంచులకు ఊపిరితిత్తులలో అలర్జీ వాపు అధికమయ్యెను. పీచు అధికముగ తినినవానికి తగ్గెను. చుంచులకు జరిగినదెల్ల మనుష్యులకు జరుగుననరాదు గాని, కడుపునకును ఊపిరికిని సంబంధము కలదను మన పెద్దల తలంపు నిరాధారము కాదని యిది సూచించుచున్నది.

రెండవది స్థూలకాయము. అధికమైన బరువుగల బిడ్డలలో ఉబ్బసము హెచ్చుగ వచ్చుననియు, వచ్చినది మందులకు త్వరగ లొంగదనియు వైద్యులు చెప్పుచున్నారు. ఈ తిండి బరువును పెంచుననుటకు ఋజువు మిక్కిలి బలమైనది.

మూడవది, కలిపిన రసాయనములు. సల్ఫైటులను నిలువ వస్తువులు ఉబ్బసముగలవారిలో కొందఱికి ఆయాసమును రేపునని చిరకాలముగ తెలిసిన సంగతి. ఇవి ఎండబెట్టిన పండ్లలోను, కొన్ని షర్బతులలోను, బిస్కట్ల పిండిని మెత్తపఱచుటకును వాడబడుచున్నవి. పొట్లముమీద 220 మొదలు 228 వఱకు గల అంకెలలో వీనిని సూచింతురు. అనేక బిస్కట్ల పొట్లములమీద 223 అను అంకె కనబడును. నీటిని నూనెను కలిపి యుంచు కొన్ని పదార్థములు చుంచుల ప్రేగుల లోపలి జిగురుపొరను పాడుచేయుచున్నవని 2015వ సంవత్సరమున అమెరికాలో కనుగొనిరి. బిడ్డల యుబ్బసమునకు దానితో సంబంధము కలదో లేదో విచారణ జరుగవలసి యున్నది.

ఇంతమాత్రముచే ఉబ్బసమునకు తిండియే మూలమని తలంపరాదు. వంశపారంపర్యము, జలుబు పుట్టించు సూక్ష్మజీవులు, పరుపులలోని దుమ్ము, కట్టెలపొయ్యి పొగ, దోమలచుట్ట పొగ, వాహనముల పొగ, అన్నిటికి మించి ఇంటి పెద్దలు త్రాగు చుట్టలు, సిగరెట్లు: ఇవి యన్నియు కారణములే. ఒకచేత చుట్ట పట్టుకొని రెండవచేత బిడ్డ బిస్కట్టును లాగికొను తండ్రి మా మాటను సగమే వినినవాడగును.

మన యిండ్లలోని యొక విపరీతము

ఇక పండ్లమాటకు వత్తుము. బిడ్డకు ఆయాసమున్నదని తెలియగనే మన యిండ్లలో పెద్దలు మొట్టమొదట చేయు పని యేమి? అరటిపండు చలువ యని మాన్పింతురు. జామపండు జలుబు చేయునందురు. సీతాఫలమును చూడనీయరు. పెరుగును, మజ్జిగను రాత్రులయందే గాక పగలును నిషేధింతురు. నారింజ, బత్తాయిలు గొంతు పట్టునందురు. మఱి యా బిడ్డకు పెట్టున దేమి? రొట్టెముక్క, బిస్కట్టు, పాలలో తీపిపొడి! జ్వరము వచ్చిన బిడ్డను చూడబోవు బంధువు చేతిలో బిస్కట్ల పొట్లమే యుండును. వ్యాధిని తగ్గించునేమో యని తలంపబడు వస్తువు తలుపు వెలుపల నిలిచెను. వ్యాధిని పెంచునని సందేహింపబడు వస్తువు పథ్యమను పేర లోపలికి వచ్చెను.

ఇది మన పూర్వుల యాచారమని కొందఱు వాదింతురు. పూర్వులు బిస్కట్లను పథ్యముగ చెప్పలేదు. వారు చెప్పిన పథ్యము పాతబియ్యపు జావ, పెసరకట్టు, మిరియాల చారు. ఒకానొక బిడ్డకు ఒకానొక పండు పడకపోవచ్చును. అట్టిదానిని వైద్యుడు నిర్ణయింపవలెను. అందఱు బిడ్డలకును అన్ని పండ్లను మాన్పుటకు శాస్త్రము సమ్మతింపదు.

ఇట్టిదే మఱియొక భయము. పడకపోవునేమో యని వేరుసెనగ, గ్రుడ్డు మొదలగువానిని పసిబిడ్డలకు చాలకాలము పెట్టరాదని యొకప్పుడు వైద్యులే చెప్పిరి. లండను నగరమున 640 మంది శిశువులపై జరిగి 2015వ సంవత్సరమున ప్రకటింపబడిన పరిశోధన ఆ యభిప్రాయమును తలక్రిందులు చేసెను. అలర్జీ సంభవమెక్కువగల శిశువులకు నాలుగు మొదలు పదునొకండు నెలల ప్రాయముననే వేరుసెనగను మెత్తని రూపమున పెట్టనారంభించినప్పుడు, అయిదవయేట వేరుసెనగ అలర్జీ నూటికి ఎనుబదివంతులకు పైగా తగ్గెను. ఐనను ఇదివఱకే గజ్జి, దద్దురులు గల శిశువునకు వైద్యుని సలహా లేక దీనిని పెట్టరాదు. గింజలను గింజలుగ పసివారికి పెట్టుట గొంతున అడ్డుపడి ప్రాణాపాయము కలిగించును.

పొట్లముమీది వ్రాత

మన దేశమున ఆహారభద్రతా శాసనము 2006వ సంవత్సరమున పుట్టినది. 2020వ సంవత్సరపు నిబంధనల ప్రకారము గోధుమ, పాలు, గ్రుడ్లు, చేపలు, రొయ్యజాతి, వేరుసెనగ, చెట్ల గింజలు, సోయా, కిలోగ్రామునకు 10 మిల్లీగ్రాములు గాని అంతకెక్కువగ గాని సల్ఫైటులు ఉన్నయెడల పొట్లముమీద తెలుపవలెను. ఆ సంవత్సరముననే వెలువడిన మఱియొక నిబంధన కొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగ గల తిండిని పాఠశాలలోను, పాఠశాల ద్వారమునుండి 50 మీటర్ల లోపలను విద్యార్థుల కమ్మరాదని శాసించుచున్నది. మన యూళ్లలో బడియెదుటి బడ్డీకొట్టును చూచినవారికి శాసనము కాగితముమీద నున్నదో వీధిలో నున్నదో చెప్ప నక్కఱలేదు.

పొట్లము ముందువైపు పెద్ద యక్షరములు నమ్మదగినవి కావు. వెనుకవైపు చిన్న యక్షరములు చదువదగినవి. పాలలో కలుపు తీపిపొడులను ఆరోగ్య పానీయములను పేర నమ్మరాదని 2024వ సంవత్సరమున కేంద్ర వాణిజ్య మంత్రిత్వశాఖ ఆన్‌లైన్ వర్తకులకు తెలియజేసినది, ఏలయనగా అట్టి పేరు శాసనమున లేనే లేదు. విరేచనములైన బిడ్డలకు ప్రాణాధారమైన ఓఆర్ఎస్ అను పేరును అధికమైన చక్కెరగల పానీయములమీద వేసి యమ్ముచుండగా, హైదరాబాదునందలి శిశువైద్యురాలు శివరంజనీ సంతోష్ గారు ఏండ్లకొలది పోరాడిరి. 2025వ సంవత్సరపు అక్టోబరు మాసమున ఆ పేరును అట్లు వాడరాదని ఆహారభద్రతా సంస్థ యుత్తరువు చేసినది. ఒక తెలుగు వైద్యురాలి పట్టుదలకు దేశమంతయు లాభము పొందినది గదా! ఒక సంఘము పూనుకొన్న ఎంత పని కాకపోవును?

జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాదుననే యున్నది. 1918వ సంవత్సరమున కూనూరునందు చిన్న పరిశోధనాలయముగ వెలసి, 1958వ సంవత్సరమున హైదరాబాదునకు వచ్చినది. ఆ సంస్థ 2024వ సంవత్సరమున భారతీయులకు 17 ఆహారసూత్రములను ప్రకటించుచు, అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారములను మిక్కిలి తగ్గింపవలెనని హెచ్చరించినది. మన దేశపు వ్యాధిభారములో 56.4 శాతము అనారోగ్యకరమైన యాహారమువలననే యని యందే యంచనా వేసినది.

వినవచ్చు నాక్షేపణలు

తల్లులు సోమరులైరని, అందువలననే పొట్లములు వచ్చెనని కొందఱు పురుషులు తేలికగ తీర్పు చెప్పుదురు. ఇది న్యాయము కాదు. నేటి తల్లులలో అనేకులు పొలములోనో, కార్యాలయములోనో, అంగడిలోనో పనిచేసి వచ్చి మరల పొయ్యియొద్ద నిలుచువారు. సాయంకాలము ఇంటికి వచ్చుచు పొట్లము తెచ్చువాడు తఱచుగ తండ్రియే. వంట తల్లి వంతు, ముద్దు తండ్రి వంతు అను ఏర్పాటు మాఱినగాని ఈ దురభ్యాసము మాఱదు. వేరుసెనగలు వేయించి బెల్లముతో ఉండ చుట్టుట పురుషుని చేతికి అసాధ్యమైన విద్య కాదు.

ధర తక్కువ యని మఱికొందఱందురు. పది రూపాయల పొట్లములో గాలి యెంత, తిండి యెంత యని తూచి చూచినవారికి ఆ మాట నిలువదు. అటుకులు, మరమరాలు, వేయించిన సెనగలు, ఉడికించిన అలసందలు, మొక్కజొన్న కంకి, చిలగడదుంప, రాగిజావ, నువ్వుండ, ఋతువునుబట్టి రేగుపండ్లు, నేరేడుపండ్లు, జామపండ్లు, తాటిముంజలు: ఇవి యేవియు ధనవంతుల వంటకములు కావు. ఇవి పేదవారి తిండి యను చిన్నచూపే అడ్డము. పొట్లము విప్పుట నాగరకత యనియు, సెనగలు నములుట పల్లెటూరితన మనియు బిడ్డలకు నేర్పినవారము మనమే.

మనలో అనేకులు అంగడి వ్యాపారముచే జీవించువారు. ఈ వస్తువుల పంపకము హక్కుగా పొందినవారు సయితము ఈ సభయందున్నారు. వారి దాతృత్వముననే మన వసతిగృహములు నిలిచియున్నవి. వారి మనస్సును నొప్పించుట మా యుద్దేశము కాదు. అంగడి మూయుడని మేము చెప్పుట లేదు. బిడ్డల కన్నుల యెత్తున వ్రేలాడు పొట్లముల సరములను వెనుకకు జరిపి, ముందువరుసలో సెనగలను, ఉండలను, పండ్లను నిలుపుడని ప్రార్థించుచున్నాము. తన యింటి బిడ్డకు పెట్టుటకు సంకోచించు వస్తువును పొరుగింటి బిడ్డకు అమ్మునప్పుడును ఒక క్షణము సంకోచించుట వర్తకధర్మమునకు విరుద్ధము కాదు.

ఉబ్బసముగల బిడ్డ యింటివారికి

ఆహారము మందునకు తోడుగాని, మందునకు బదులు కాదు. ప్రపంచమందలి యుబ్బస భారములో సుమారు 13 శాతము మన దేశమునం దుండగా, ఆ వ్యాధివలని మరణములలో సుమారు 42 శాతము మన దేశముననే యని యంచనా. వ్యాధి యిచ్చట క్రూరతరమైనందున గాదు. క్రమముగ మందు వాడనందువలన. పీల్చెడు మందు వాడిన అలవాటు పడునని భయపడి, ఆయాసము తగ్గగనే మానివేయుచున్నాము. ఇన్‌హేలరు మందు స్వల్పమాత్రలో నేరుగ ఊపిరితిత్తులకు చేరును. మాత్రలకంటెను, సూదిమందులకంటెను దీని యుపద్రవములు తక్కువ. దానిని వైద్యుడు చెప్పినంతకాలము వాడవలెను.

మృగశిర కార్తె ప్రవేశించినప్పుడు నాంపల్లి ప్రదర్శన మైదానమున బత్తిని వంశీయులు ఉచితముగ పంచు చేప ప్రసాదము కొఱకు మనవారును పోవుచున్నారు. విశ్వాసముతో పోవువారిని మేమేమియు ననము. పోవునప్పుడు ఇన్‌హేలరును వెంట తీసికొనిపొండనియు, వచ్చిన తరువాత దానిని మానవలదనియు మాత్రము వేడుచున్నాము.

మఱియొక మాటను బాధతో చెప్పవలసి యున్నది. ఆడుబిడ్డకు ఉబ్బసమున్న సంగతి తెలిసిన సంబంధములు రావని తలంచి, ఆమెను వైద్యునియొద్దకు తీసికొనిపోక, మందును పదిమందిలో వాడనీయక దాచువారు మనలో కలరు. మగబిడ్డకు లేని దాపరికము ఆడుబిడ్డకేల? తగిన మందుచే స్వాధీనమున నుండు వ్యాధిని కళంకముగ నెంచు ఆచారము మన సంఘమున నుండరాదు. వివాహవేదికలను నిర్వహించు మన సంఘమే ఈ మాటను గట్టిగ చెప్పిననే ఆ తల్లిదండ్రులకు ధైర్యము కలుగును.

మనము చేయదగినవి

ఉపన్యాసము వినుటతో కార్యము ముగియరాదు. కావున ఈ క్రింది విషయములను మహాసభవారి యాలోచనకు సమర్పించుచున్నాము.

1. మన విద్యార్థి వసతిగృహములయందు సాయంకాలపు చిఱుతిండిగా బిస్కట్లను, నూడుల్సును మాని, ఉడికించిన గింజలు, ఉండలు, పండ్లు ఏర్పఱుపవలెను. వారమునకు మూడు దినములైనను ప్రతి విద్యార్థికి ఒక పండు అందవలెను. వేరుసెనగ మొదలగునవి పడని విద్యార్థుల పేర్లు వంటవారియొద్ద వ్రాసి యుంచవలెను.

2. దాతలు తమ పుట్టినదినములకును, పెద్దల వర్ధంతులకును వసతిగృహములకు పొట్లములు, చల్లని పానీయములు పంచుటకు బదులు, ఆ దినమున పండ్లు గాని, పాలు పెరుగులు గాని, ఒకపూట భోజనము గాని తమ పేర నేర్పాటు చేయవలెను. దాత పేరు పలకమీద వ్రాయుట యందును మానబడదు.

3. మన వనభోజనములలోను, మన మహాసభలలోను బిడ్డలకు రంగునీళ్లను మాని మజ్జిగ, పానకము, కొబ్బరినీళ్లు ఇయ్యవలెను. ఈ తీర్మానము వచ్చే సంవత్సరపు మహాసభనుండియే అమలు జరుగుట యుక్తము.

4. సంవత్సరమున కొకసారి మన వైద్యసోదరులు వసతిగృహముల విద్యార్థులను పరీక్షించి, రాత్రిదగ్గు, పిల్లికూతలు గలవారిని గుర్తించి, మందు కొనలేని వారికి సంఘనిధినుండి ఇన్‌హేలరు లిప్పింపవలెను.

5. మన పాఠశాలల యొద్ద 50 మీటర్ల నిబంధన అమలగుచున్నదో లేదో ప్రతి శాఖాసంఘమును చూడవలెను. అమలు కానిచో అధికారులకు విజ్ఞప్తి పంపవలెను.

ఇందు గొప్ప ధనవ్యయమును కోరునది యొకటియు లేదు. పొట్లములకు పోవుచున్న ధనమే పండ్లకు మరలవలెను. పూర్వము మన సంఘమువారు పిడికెడు బియ్యము చొప్పున ప్రతి యింటను ప్రోగుచేసి వసతిగృహములను నడిపిరని పెద్దలు చెప్పగా వినుచున్నాము. నాడు బిడ్డకు అన్నము లేదను చింత. నేడు అన్నము ప్రక్కకు త్రోయబడుచున్నదను చింత. మొదటి చింతను తీర్చిన సంఘమునకు రెండవదానిని తీర్చుట కష్టము కాదు.

 మన బిడ్డలు నిండుగ ఊపిరి పీల్చి, నిండుగ చదివి, మనకంటె గొప్పవారగుదురు గాక యని భగవంతుని ప్రార్థించుచు విరమించుచున్నాము.